తనకు తానే సాక్షి

కర్నూలు జిల్లా పడమటి భాగమున, గుంతకల్లు నుండి రాయచూరునకు పోవు రైలుమార్గముపై ఆస్పరి గ్రామము కలదు. ఆ ప్రాంతపు నల్లరేగడి చేలు ప్రత్తి తీసిన పిమ్మట వేసవిలో నెర్రెలు విచ్చియుండును. ఊరి వెలుపల చదునైన బయలు దొరికినచోట పిల్లలు జిల్లాకట్టె ఆడుదురు. కొన్ని సీమలవారు దీనినే బిళ్లంగోడు అందురు. చిన్న కొయ్యబిళ్లను కర్రతో ఎగురగొట్టి, అది పడిన దూరమును ఆ కర్రతోనే కొలుతురు. కొలతలో తగవు వచ్చుట సామాన్యము. బిళ్ల గీతను దాటినదని ఒకడును, దాటలేదని మరియొకడును పట్టుపట్టుదురు. అప్పుడు త్రోవను పోవు పెద్దవారి నెవరినైనను పిలిచి తీర్పు చెప్పుమని కోరుదురు. క్రికెట్టునకు అంపైరు, కబడ్డీకి రిఫరీ ఉన్నట్లే, ప్రతి ఆటకును ఒక తీర్పరి ఉండవలెనని లోకుల తలపు.

అయితే తీర్పరి వెంటనంటి రాకుండగనే ఆడు ఆట ఒకటి కలదు. దాని పేరు గోల్ఫు.

గోల్ఫు స్కాట్లండు దేశమున పెరిగిన ఆట. 1457లో ఆ దేశపు పార్లమెంటు దీనిని నిషేధించెను. యువకులు విలువిద్య సాధన మాని ఈ ఆటలో పడుచున్నారని పాలకుల బాధ. నిషేధమువలన ఆట ఆగలేదు. నేడది ప్రపంచమంతట వ్యాపించియున్నది. విశాఖపట్నమునను, హైదరాబాదులో గోల్కొండ కోట చెంతను గోల్ఫు మైదానములు కలవు. పూర్తి మైదానమున 18 గుంటలు ఉండును. ఒక్కొక్క గుంట వెడల్పు 4.25 అంగుళములు. వందల గజముల దూరమునుండి చిన్న తెల్లని బంతిని కర్రతో కొట్టుచు, చివరకు దానిని ఆ గుంటలో పడవేయవలెను. ఆటగాడు తన సంచిలో 14 కర్రల వరకు ఉంచుకొనవచ్చును. తక్కువ దెబ్బలతో 18 గుంటలను ముగించినవాడు గెలిచినవాడగును. ఈ కర్రల సంచిని మోయువానిని క్యాడీ అందురు.

మైదానము నూరెకరములను మించి యుండును. నడుమ చెట్లు, నీటి మడుగులు, బంకరులు అనబడు ఇసుక పల్లములు ఉండును. బంతి ఏ పొదలో పడునో, ఏ పల్లములో చిక్కునో చెప్పలేము. పెద్ద పోటీలలో నిబంధనలను వివరించు అధికారులు ఉన్నను, ప్రతి ఆటగాని ప్రతి దెబ్బను వారు చూడజాలరు. కావున ఆటగాడు తన దెబ్బలను తానే లెక్కించును. తాను చేసిన తప్పును తానే చెప్పి, దానికి తగిన శిక్షను తానే పైన వేసికొనును. గోల్ఫు ఆడువారు గర్వముగ చెప్పుకొను ధర్మమిది.

ఈ ధర్మమునకు ఇటీవల చక్కని ఉదాహరణము చూపినవాడు ఒక తెలుగువారి బిడ్డ. అతని పేరు తీగల సాహిత్. తల్లిదండ్రులు కరుణ, మురళీధర్ హైదరాబాదువారు. తండ్రి 1987లో చదువు నిమిత్తము అమెరికాకు వెళ్లి అచ్చటనే స్థిరపడెను. సాహిత్ 1997 డిసెంబరు 4వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. బాల్యముననే అతనికి వెన్నెముక వంకర ఉన్నట్లు వైద్యులు కనుగొనిరి. అయినను అతడు ఆటను విడువలేదు. రుసుము చెల్లించిన వారెవరైనను ఆడుకొనదగిన మైదానములలో అతడు సాధన చేసెను. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయమున చదువుచు, 2020లో అమెరికా కళాశాలల గోల్ఫు క్రీడాకారులకిచ్చు ముఖ్యమైన పురస్కారములు మూడింటిని అందుకొనెను. 2023 సెప్టెంబరులో అమెరికా దేశపు అగ్రశ్రేణి వృత్తి క్రీడాకారుల పోటీలలో తన మొదటి విజయమును సాధించెను.

2024 ఆగస్టు 31వ తేదీన జార్జియా రాష్ట్రమునందలి అట్లాంటా నగరములో, ఈస్ట్ లేక్ అను మైదానమున ఒక గొప్ప పోటీ జరుగుచుండెను. సాహిత్ బంతి ఒక ఇసుక పల్లములో పడెను. బంతిని కొట్టుటకై కర్రను వెనుకకు ఎత్తునపుడు అది ఇసుకను తాకరాదని నిబంధన. అతడు కర్రను ఎత్తి బంతిని కొట్టెను. కర్ర ఇసుకను లేశమాత్రముగ తాకినట్లు అతనికి తోచెను. చూపరులకు తెలియునంతటి విషయము కాదది. అతడు తోటి ఆటగానికి ఆ సంగతి చెప్పి, అధికారిని పిలిపించి, జరిగినది వివరించెను. రెండు దెబ్బలు శిక్షగా అతని లెక్కలో చేరెను. పోటీ ముగియునప్పటికి సాహిత్ మూడవ స్థానమున నిలిచెను. రెండవ స్థానమున నిలిచిన వానికిని అతనికిని తేడా సరిగా రెండు దెబ్బలు. వాటి వెల కోట్ల రూపాయలు. ఎవరును చూడని తప్పునకు తాను సాక్ష్యము చెప్పుటవలన అతడు ఆ సొమ్మును పోగొట్టుకొనెను.

ఇట్టి కథ ఆ మైదానమునకు క్రొత్త కాదు. ఈస్ట్ లేక్‌లోనే ఆట నేర్చిన బాబీ జోన్స్ అను సుప్రసిద్ధుడు 1925లో అమెరికా జాతీయ పోటీలో ఆడుచుండగా, కొట్టబోవుసరికి బంతి కొంచెము కదలినట్లు అతనికి కనబడెను. మరెవ్వరును దానిని చూడలేదు. అతడు పట్టుపట్టి ఒక దెబ్బ శిక్ష వేసికొనెను. చివరకు అతడును మరియొకడును సమానముగ నిలుచుటచే వారిరువురికి మరల పోటీ పెట్టిరి. అందులో జోన్స్ ఓడిపోయెను. ఆ ఒక్క దెబ్బ లేకున్నచో అతడు మొదటనే గెలిచియుండెడివాడు. గోల్ఫు క్రీడాకారులు నేటికిని ఈ ఉదంతమును తమ ఆటకు భూషణముగ చెప్పుకొందురు.

ఇంతవరకు చెప్పినది గోల్ఫు చరిత్రలో ఒక పార్శ్వము మాత్రమే. రెండవ పార్శ్వమును కూడ ఎరుగవలెను. మైదానము లోపల ఇంతటి సత్యమును పాటించినవారు, దాని వాకిట ఎవరిని నిలిపివేసిరో విచారింపవలసియున్నది.

ఆ బాబీ జోన్స్ మరియొకరితో కలిసి జార్జియా రాష్ట్రముననే అగస్టా అను పట్టణమున ఒక గోల్ఫు క్లబ్బును స్థాపించెను. 1934 నుండి అచ్చట జరుగు మాస్టర్స్ పోటీ జగత్ప్రసిద్ధమయ్యెను. ఆ పోటీలో 1975 వరకు ఒక్క నల్లజాతి క్రీడాకారుడైనను ఆడలేదు. ఆ క్లబ్బు 1990 వరకు ఒక్క నల్లజాతివానినైనను సభ్యునిగ చేర్చుకొనలేదు. కాని ఆటగాండ్ర సంచులను మోసిన క్యాడీలు మాత్రము నల్లజాతివారే. ఏ దెబ్బకు ఏ కర్ర తగునో, గాలి ఎటు వీచుచున్నదో, నేల ఎటు వాలియున్నదో వారికి తెలిసినంత ఇతరులకు తెలియదు. వారి తెలివి ఆటకు కావలసి వచ్చెను. వారు ఆడుట మాత్రము ఇష్టము లేకపోయెను.

ఇది ఒక్క క్లబ్బు నడవడి కాదు. అమెరికాలో వృత్తి క్రీడాకారుల సంఘము తన నిబంధనలలోనే తెల్లజాతివారికి మాత్రమే సభ్యత్వమని వ్రాసికొనెను. ఆ నిబంధన 1961 వరకు అమలులో ఉండెను. దీనికి చాల ముందే, 1896లో జాన్ షిప్పెన్ అను నల్లజాతి బాలుడు జాతీయ పోటీలో ఆడుటకు పేరు ఇచ్చెను. అతడును, ఆదివాసి తెగవాడైన మరియొక యువకుడును ఆడినచో తాము ఆడమని కొందరు తెల్లవారు బెదరించిరి. నిర్వాహక సంఘపు అధ్యక్షుడు లొంగలేదు. ఆ ఇద్దరే ఆడవలసి వచ్చినను పోటీ జరుగునని అతడు ఖండితముగ చెప్పెను. తెల్లవారు మారుపలుకక ఆడిరి. ఒక్కడు దృఢముగ నిలిచినచో ఏమి జరుగునో అప్పుడే తేలిపోయెను. తరువాతి వారిలో అట్టి దృఢత్వము లోపించెను.

చార్లీ సిఫర్డ్ అను నల్లజాతి క్రీడాకారుడు 1922లో జన్మించెను. బాల్యమున క్యాడీగా సంచులు మోసి ఆట నేర్చెను. యౌవనమంతయు సంఘపు ద్వారము వెలుపలనే గడచెను. 1961లో దక్షిణ రాష్ట్రమునందలి గ్రీన్స్‌బరో పోటీలో అతడు మొదటి దినమున అందరికంటె ముందు నిలువగా, ఆ రాత్రి చంపుదుమని బెదరించుచు టెలిఫోను వచ్చెను. మరునాడు అతడు మైదానమునకు వచ్చి ఆడెను. చివరకు నాలుగవ స్థానమున నిలిచెను. ఆ దినములలోనే కాలిఫోర్నియా రాష్ట్రపు అటార్నీ జనరల్ స్టాన్లీ మాస్క్, జాతిభేదము పాటించు సంఘమునకు తన రాష్ట్రమున పోటీలు జరుపు అవకాశము ఉండదని తెలిపెను. ఆ సంవత్సరము నవంబరులో సంఘము ఆ నిబంధనను తొలగించెను. అప్పటికి సిఫర్డ్ వయస్సు 39 ఏండ్లు. క్రీడాకారుని శరీరము వాడిగ ఉండు కాలము దాదాపు గడచిపోయెను. అయినను అతడు 1967లోను, 1969లోను పెద్ద పోటీలను గెలిచెను. మాస్టర్స్ పోటీకి మాత్రము అతనికి ఎన్నడును ఆహ్వానము రాలేదు. 2014లో అమెరికా ప్రభుత్వము అతనిని దేశాధ్యక్షుని స్వాతంత్ర్య పతకముతో గౌరవించెను. మరుసటి ఏట అతడు కన్నుమూసెను.

క్లబ్బులు సొంత ఆస్తులని, వాటి ఇష్టము వాటిదని కొందరు వాదించవచ్చును. కాని ప్రజల పన్నులతో నిర్మించిన మైదానములలోను ఇదే కట్టుబాటు ఉండెను. అప్పుడు అట్లాంటా నగరపాలక సంస్థకు ఒక గోల్ఫు మైదానము ఉండెను. దానికి బాబీ జోన్స్ పేరే పెట్టిరి. 1951లో ఆల్‌ఫ్రెడ్ హోమ్స్ అను నల్లజాతి పౌరుడు తన తండ్రితోను సోదరునితోను అచ్చటికి పోగా వారిని ఆడనీయలేదు. వారు న్యాయస్థానమునకు ఎక్కిరి. వ్యాజ్యము అమెరికా సుప్రీము కోర్టు వరకు సాగెను. 1955 నవంబరులో తీర్పు వారికి అనుకూలముగ వచ్చెను. ఆ డిసెంబరు 24వ తేదీన హోమ్స్ సోదరులు నగరపు మైదానములలో ఒకదానిలో అడుగుపెట్టి ఆడిరి. ఆల్‌ఫ్రెడ్ కుమారుడు హామిల్టన్ 1961లో జార్జియా విశ్వవిద్యాలయమున చేరిన మొదటి ఇద్దరు నల్లజాతి విద్యార్థులలో ఒకడయ్యెను. ఆటస్థలపు గేటును తెరిపించిన కుటుంబమే విద్యాలయపు గేటును కూడ తెరిపించెను.

ఈ దురాచారము భారతీయులను కూడ బాధించెను. 1860లో మద్రాసు నుండి ట్రూరో అను ఓడలో బయలుదేరిన కూలీలు దక్షిణాఫ్రికాలోని డర్బను రేవున దిగిరి. ఆ ఓడతో మొదలైన వలసలో తెలుగువారు అనేకులు అచ్చటి చెరకు తోటలకు చేరిరి. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించి భాషను కాపాడుకొనిరి. జాతివివక్ష చట్టములు వారికిని, ఇతర భారతీయులకును, ఆఫ్రికావారికిని నివాసములను, బడులను, సముద్రతీరములను సైతము వేరుచేసెను.

ఆ డర్బనులోనే వలస కూలీల వంశమున పుట్టిన సెవ్‌సంకర్ సెవ్‌గోలమ్ అను పేద యువకుడు క్యాడీగా బ్రదుకుచుండెను. అతనిని జనులు పాప్వా అని పిలిచిరి. ఎవరును శిక్షణ ఈయకపోవుటచే, కర్రను అందరు పట్టు రీతికి విరుద్ధముగ, ఎడమచేతిని క్రిందను కుడిచేతిని పైనను ఉంచి పట్టెను. ఆ పట్టుతోనే 1959, 1960, 1964 సంవత్సరములలో హాలండు దేశపు జాతీయ పోటీని గెలిచెను. 1963లో తన ఊరిలోనే నటాల్ రాష్ట్రపు పోటీలో తెల్లవారి నందరిని ఓడించెను. విజేతకు బహుమతి ఇచ్చు సమయమున వాన కురియుచుండెను. క్లబ్బు భవనములోనికి భారతీయునకు ప్రవేశము లేదు. ఓడిపోయినవారు లోపల నుండగా, గెలిచిన పాప్వా వెలుపల వానలో నిలిచి బహుమతి అందుకొనెను. ఆ ఛాయాచిత్రము దేశదేశముల పత్రికలలో వెలువడగా, చూచినవారు సిగ్గుపడిరి. 1965లో అతడు ప్రపంచ ప్రసిద్ధుడైన గేరీ ప్లేయర్‌ను వెనుకకు నెట్టి మరల అదే పోటీని గెలిచెను. పిమ్మట అచ్చటి ప్రభుత్వము అతనిని తెల్లవారి పోటీలలో ఆడకుండ నిషేధించెను. 1978లో పాప్వా పేదరికములోనే మరణించెను. జాతివివక్ష పాలన అంతరించిన డర్బనులో ఒక గోల్ఫు మైదానమునకు నేడు అతని పేరు కలదు.

ఇవన్నియు పరదేశపు పాపములని మనము నిశ్చింతగ ఉండరాదు. బ్రిటను వెలుపల మిక్కిలి పురాతనమైన గోల్ఫు క్లబ్బు మన కలకత్తాలో 1829లో వెలసినది. అది దొరల కొరకు వెలసిన క్లబ్బు. మన దేశమునను సంచి మోసినవారిలో నిపుణులు దాగియుండిరి. ఢిల్లీలో క్యాడీగా పనిచేసిన అలీ షేర్ 1991లో భారత జాతీయ పోటీని గెలిచెను. వృత్తి క్రీడాకారులైన భారతీయులలో ఆ పోటీని గెలిచిన మొదటివాడు అతడే. కలకత్తా క్లబ్బులో పచ్చికను పెంచు ఉద్యోగి కుమారుడైన చౌరాసియా 2008లో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ పోటీలో విజయము సాధించెను. అయినను 2017లో ఢిల్లీలోని ఒక గోల్ఫు క్లబ్బుకు అతిథిగ వచ్చిన మేఘాలయ స్త్రీని, ఆమె ధరించిన సంప్రదాయ వస్త్రమును చూచి పనికత్తె అని తలచి, భోజనశాల నుండి వెలుపలికి పొమ్మనిరి. దేశమంతట నిరసన చెలరేగెను.

మన పల్లెలలో గోల్ఫు లేకపోవచ్చును. కాని బావి కలదు, గుడి కలదు, కాఫీ హోటలు కలదు. వాటి వాకిట ఎందరు తరతరములుగ నిలిపివేయబడిరో పెద్దలకు తెలియును. బావిని త్రవ్వినవారికే ఆ బావి నీరు తోడుకొను హక్కు లేకపోయిన ఊళ్లు ఉండెను. సంచి మోసినవాడు ఆడరాదనుట, బావి త్రవ్వినవాడు తోడరాదనుట ఒకటే నీతి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసి, దుకాణములు, బావులు, చెరువులు, వినోదశాలలు పౌరులందరివని ప్రకటించెను. అట్లాంటా మైదానమును గూర్చి తీర్పు వచ్చిన 1955లోనే, మన దేశమున అంటరానితనమును పాటించువారిని శిక్షించు చట్టము అమలులోనికి వచ్చెను.

గోల్ఫు వాకిళ్లు క్రమక్రమముగ తెరచుకొనెను. 1975లో లీ ఎల్డర్ మాస్టర్స్ పోటీలో ఆడిన మొదటి నల్లజాతివాడయ్యెను. 1997లో 21 ఏండ్ల టైగర్ వుడ్స్ అదే పోటీని 12 దెబ్బల ఆధిక్యముతో గెలువగా, ఎల్డర్ వచ్చి కన్నులార చూచెను. స్త్రీలు మరికొంత కాలము వేచియుండవలసి వచ్చెను. అగస్టా క్లబ్బు 2012లో గాని స్త్రీలను సభ్యులుగ చేర్చుకొనలేదు. 1754లో పుట్టిన స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు 2014లో గాని అందుకు సమ్మతింపలేదు. 2023లో మన సాహిత్ ఆ అగస్టాలో మొదటిసారి ఆడి, తొమ్మిదవ స్థానమున నిలిచెను. అతడు నడచిన త్రోవను అతని పుట్టుకకు ముందే సిఫర్డ్, హోమ్స్ వంటివారు కష్టపడి చదునుచేసిరి. ఇప్పటికిని ఒక అడ్డు తొలగలేదు. కర్రల వెల, సభ్యత్వపు రుసుము, శిక్షణకగు వ్యయము బీదలకు అందరానివి.

ఈ చరిత్రను చదివినవారికి ఒక సందేహము కలుగును. ఎవరును చూడని దెబ్బను లెక్కలో వేసికొన్న సత్యవంతులకు, అందరును చూచుచున్న అన్యాయము ఏల కనబడలేదు? కారణము దుర్గ్రహము కాదు. వారు వ్రాసియున్న నిబంధనను శ్రద్ధగ పాటించిరి. ఆ నిబంధన న్యాయమైనదా యని అడుగుట మరచిరి. ఉన్న నియమమునకు కట్టుబడుట ఒక నీతి. ఆ నియమము ఎవరిని వెలుపల నిలుపుచున్నదో పరికించుట మరియొక నీతి. మొదటి దానికి తన మనస్సు ఒక్కటే సాక్షిగ చాలును. రెండవ దానికి వాకిట నిలిచినవాని మాటను కూడ వినవలెను.

బడి మైదానమున జట్టులు కట్టు వేళ ఈ రెండు నీతులును అవసరమగును. బిళ్ల గీతను దాటకున్నచో దాటలేదని తానే ఒప్పుకొనువాడు మంచి ఆటగాడు. జట్టులో ఎవరిని పిలువలేదో, ఏ బాలిక గట్టున కూర్చుండి చూచుచున్నదో, ఏ పేటవాడు దూరముగ నిలిచియున్నాడో గమనించి రమ్మని పిలుచువాడు మంచి పౌరుడు కూడ అగును.